తరగతిలో జట్టు క్విజ్‌లు: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏ తరగతికి చెప్పినా వారానికి ఒక పీరియడ్ జట్టు క్విజ్‌కి కేటాయించడం చాలా ఏళ్లుగా నా అలవాటు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో, స్టాఫ్‌రూముల్లో తోటి టీచర్లు దీని గురించి అడిగేవి దాదాపు ఒకేలాంటి ప్రశ్నలు. వాటన్నిటికీ నా జవాబులు ఇక్కడ ఒకచోట రాశాను. ఉదాహరణలు ఎక్కువగా సోషల్ నుంచే ఉంటాయి. పద్ధతి మాత్రం ఏ సబ్జెక్టుకైనా పనికొస్తుంది.

పాఠం చెబుతూ రోజూ ప్రశ్నలు అడుగుతూనే ఉంటాం కదా. మళ్లీ క్విజ్ ఎందుకు?

అడుగుతాం. కానీ జవాబు చెప్పేది ఎవరు? రేపు ఒక్క పీరియడ్ లెక్కపెట్టి చూడండి. నలభై మంది ఉన్న తరగతిలో చేతులెత్తేది ఐదారుగురు, అదీ రోజూ ఆ ఐదారుగురే. మిగతావాళ్లు వింటున్నట్టే కనిపిస్తారు, బుర్రలో ఏం జరుగుతోందో మనకు తెలియదు.

ఇందులో మన తొందర కూడా ఉంది. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త టీచర్ల పాఠాలను టేపుల మీద రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగుతున్నది సగటున ఒక్క సెకను. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పెద్దవయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు ఆగాలని మనకూ తెలుసు, కానీ పాఠం నడుస్తుంటే గుర్తుండదు. జట్టు క్విజ్‌లో ఆ ఆగడం ఆట నియమంలోనే ఉంటుంది. ప్రశ్న వేశాక ఒక నిమిషం ఎవరూ జవాబు చెప్పకూడదు, జట్టులో మాట్లాడుకోవాలి. నా దృష్టిలో క్విజ్‌లో అసలు చదువు జరిగేది ఆ నిమిషంలోనే. పాయింట్లు, గెలుపు అన్నీ ఆ నిమిషం కోసం పెట్టుకున్న ఏర్పాట్లు.

మొదటిసారి పెడుతున్నాను. ఏమేం కావాలి?

నల్లబల్ల, చాక్‌పీసు, జట్టుకో పలక. పలకలు లేకపోతే పాత పెళ్లి శుభలేఖలు తెమ్మనండి. వాటి వెనకవైపు తెల్లగా, గట్టిగా ఉంటుంది, స్కెచ్ పెన్నుతో రాస్తే వెనక బెంచీ నుంచి పైకెత్తినా కనిపిస్తుంది. ప్రతి ఇంట్లో ఒక కట్ట ఉంటుంది కాబట్టి పైసా ఖర్చు లేదు.

పీరియడ్ నలభై ఐదు నిమిషాలనుకుంటే జట్లుగా కూర్చోవడానికి ఐదు, ప్రశ్నలకు ముప్పై, తప్పుపోయిన ప్రశ్నలు మాట్లాడుకోవడానికి పది నిమిషాలు. ఆ ముప్పై నిమిషాల్లో పది ప్రశ్నలు చాలు. కొత్తగా మొదలుపెట్టే టీచర్లు ముప్పై ప్రశ్నలు రాసుకుని వస్తారు. అప్పుడు ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అని పరుగు తప్ప ఏమీ మిగలదు. మొదటిసారి ఏడెనిమిదితో ఆపినా నష్టం లేదు.

ప్రతి ప్రశ్నకూ వరుస ఒకటే. ప్రశ్న రెండుసార్లు చదవండి. అరనిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి. తర్వాత ఒక నిమిషం జట్టులో చర్చ. "ఎత్తండి" అనగానే అన్ని జట్లూ ఒకేసారి పలకలు ఎత్తాలి. ఒకేసారి ఎత్తడం ముఖ్యం. ఒక జట్టు ముందు చెప్పేస్తే మిగతా జట్లు ఆలోచించడం ఆ క్షణమే ఆపేస్తాయి.

జట్లు ఎలా వేయాలి? పిల్లలనే ఎంచుకోమనచ్చా?

వద్దు. ఎంచుకోమంటే మొదటి బెంచీ అంతా ఒక జట్టు అవుతుంది, ఒకే వీధి పిల్లలు ఒక జట్టు అవుతారు. చివరికి ఎవరూ పిలవని ఇద్దరు ముగ్గురు గోడ పక్కన నిలబడి ఉంటారు. ఆ నిలబడటం వాళ్లు చాలాకాలం మర్చిపోరు. జట్లు టీచరే వేయాలి. ఒక జట్టుకు నలుగురు. ఐదుగురు దాటితే ఒకరు తప్పకుండా ప్రేక్షకులైపోతారు. బాగా చదివేవాళ్లు ఒకరు, మధ్యరకం ఇద్దరు, వెనకబడినవాళ్లు ఒకరు ఉండేలా చూసుకోండి. ఎవరు ఏ రకమో మీ పుస్తకంలో ఉంటే చాలు, పిల్లలకు చెప్పే పని లేదు.

అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఒకవైపు అని పెట్టడం మన బడుల్లో మామూలు. ఊపు బాగా వస్తుంది, నిజమే. కానీ ఇరవై మంది జట్టులో మాట్లాడేది ముగ్గురే. పైగా పోటీ పాఠం మీద నుంచి పక్కకు పోయి వేరే గొడవగా మారుతుంది. నేను మానేశాను.

జట్లను నెల, నెలన్నర ఉంచి మార్చండి. వారం వారం మారిస్తే వాళ్లు ఒకరికొకరు అలవాటు పడేలోపే విడిపోతారు.

ఎలా వేసినా జట్టులో బాగా చదివే పిల్లే అన్నీ చెప్పేస్తుంది. మిగతా ముగ్గురూ ఆమె మొహం చూస్తూ కూర్చుంటారు. ఏం చేయాలి?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా. దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ఈ వారమే చేయచ్చు. రెండోదానికి కాస్త తయారీ కావాలి.

మొదటిది నంబర్ల పద్ధతి. అమెరికాలో స్పెన్సర్ కాగన్ ప్రచారంలోకి తెచ్చిన సహకార అభ్యసన పద్ధతుల్లో ఇదొకటి. ప్రతి జట్టులో పిల్లలకు ఒకటి నుంచి నాలుగు వరకు నంబర్లు ఇస్తాం. చర్చ అయ్యాక టీచర్ ఒక నంబరు పిలుస్తారు. "మూడు" అంటే అన్ని జట్లలోని మూడో నంబరు పిల్లలే లేచి పలక ఎత్తి, ఆ జవాబు ఎందుకో చెప్పాలి. ఏ నంబరు పిలుస్తారో ముందు తెలియదు. అందుకే చర్చ తీరే మారిపోతుంది. బాగా చదివే పిల్ల జవాబు చెప్పి ఊరుకోదు, మూడో నంబరు పిల్లాడికి అర్థమయ్యేదాకా వదలదు. "మళ్లీ చెప్పు, నిన్ను పిలిస్తే ఏమంటావ్?" అని వాడి చేత రెండుసార్లు చెప్పించుకోవడం నేను రోజూ వింటాను. పక్క పిల్ల చెప్పినప్పుడు అడిగినట్టు మనల్ని వాడు అడగడు. మన దగ్గర అడగడానికి మొహమాటం.

రెండోది జట్ల టోర్నమెంట్. 1970ల మొదట్లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో డేవిడ్ డీవ్రీస్, కీత్ ఎడ్వర్డ్స్ దీన్ని తయారుచేశారు, తర్వాత రాబర్ట్ స్లావిన్ రచనల ద్వారా చాలా దేశాల టీచర్లకు చేరింది. ఇందులోని ఆలోచన నాకు చాలా ఇష్టం. జట్టులో కలిసి చదువుకుంటారు, పోటీలో మాత్రం ఎవరి స్థాయివాళ్లతో వాళ్లు ఆడతారు.

లెక్కతో చెబితే తేలిక. తరగతిలో 36 మంది ఉన్నారనుకోండి. నలుగురేసి 9 జట్లు. సోమవారం, మంగళవారం జట్టులో కూర్చుని పాఠం కలిసి చదువుకుంటారు. గురువారం పోటీ. ఆ రోజు జట్లను విడదీసి ముగ్గురేసి 12 చోట్ల కూర్చోబెడతాం. బాగా చదివే 9 మంది మూడు చోట్ల, మధ్యరకం 18 మంది ఆరు చోట్ల, వెనకబడిన 9 మంది మూడు చోట్ల. ఒక్కో చోట కూర్చున్న ముగ్గురూ మూడు వేర్వేరు జట్లవాళ్లు. మధ్యలో ప్రశ్నల చీటీలు ఉంటాయి. వంతులవారీగా చీటీ తీసి జవాబు చెప్పాలి, పక్కవాళ్లకు తప్పనిపిస్తే సవాలు చేయచ్చు. చివరికి ఆ ముగ్గురిలో మొదటివారికి 6 పాయింట్లు, రెండోవారికి 4, మూడోవారికి 2. ఎవరి పాయింట్లు వాళ్లు తీసుకెళ్లి సొంత జట్టు ఖాతాలో వేస్తారు.

ఇందులో విశేషం ఏమిటంటే, తరగతిలో అందరికంటే వెనకబడిన పిల్లాడు కూడా తన స్థాయివాళ్ల మధ్య మొదటివాడైతే 6 పాయింట్లు తెస్తాడు. క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల తెచ్చేదీ ఆ ఆరే. ఒక్కోసారి ఆమె తన చోట మూడో స్థానంలో నిలిచి 2 తెస్తుంది, జట్టును గెలిపించింది వాడవుతాడు. ఎప్పుడూ బరువుగా చూడబడిన పిల్లాడు ఆ 6 రాయించడానికి బోర్డు దగ్గరికి నడిచే నడకే వేరుగా ఉంటుంది. తర్వాతి వారానికి, గెలిచినవాళ్లను పై స్థాయికి, చివర నిలిచినవాళ్లను కింది స్థాయికి మారుస్తాం. కాబట్టి ఎవరూ ఒకేచోట ఇరుక్కుపోరు.

ప్రశ్నలు ఎలాంటివి అడగాలి?

టీవీ క్విజ్‌ల అలవాటు వల్ల మనకు ఒక్క మాట జవాబు ప్రశ్నలే గుర్తొస్తాయి. "గోదావరి ఎక్కడ పుట్టింది?" త్రయంబకేశ్వర్. తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడికి చర్చించడానికి ఏమీ లేదు. అలాంటివి రెండో మూడో ఉండచ్చు, చలి కాచుకోవడానికి నెగడు లాగా. మిగతావి నలుగురు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవాల్సినవి కావాలి.

అదే గోదావరి మీద నేను అడిగింది ఇది: "గోదావరి పుట్టినచోటు నుంచి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్లే. అయినా ఆ నది అటు పోకుండా 1,465 కిలోమీటర్లు తూర్పుకు పారి బంగాళాఖాతంలో ఎందుకు కలుస్తోంది?" ఎనిమిదో తరగతి. ఒక నిమిషం సరిపోక రెండు నిమిషాలు ఇచ్చాను. కిటికీ పక్క జట్టులో ఒక పిల్లాడు పరీక్ష అట్ట తీసి, ఒకవైపు కింద జామెట్రీ బాక్సు పెట్టి ఎత్తు చేశాడు. నీళ్ల సీసా మూతతో నాలుగు చుక్కలు పైన వదిలాడు. అవి ఇవతలికి జారి పక్క పిల్ల నోట్‌బుక్ తడిపాయి. "నీరు పల్లమెరుగు అంటారు కదరా, పల్లం ఇటే ఉంది" అంది ఆ పిల్ల, నోట్‌బుక్ దులుపుకుంటూ. దక్కన్ పీఠభూమి పడమటి నుంచి తూర్పుకు వాలి ఉంటుందని నేను అంతకుముందు వారం రెండుసార్లు చెప్పాను, బోర్డు మీద రాశాను కూడా. ఆ అట్ట ఎత్తేదాకా అది వాళ్లది కాలేదు.

పిల్లలు ఎప్పుడూ తికమకపడే చోట ప్రశ్న పెట్టండి. సోషల్‌లో అయితే 1953, 1956 కలిపేస్తారు. "కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో హైదరాబాద్ ఉందా? ఎందుకు?" అని అడిగితే 1953 అక్టోబర్ 1, 1956 నవంబర్ 1, రెండూ తేలాల్సిందే. లెక్కల టీచర్ 0.3, 0.25లో ఏది పెద్దదని అడగచ్చు. 25 పెద్దది కదా అని చాలామంది రెండోదే అంటారు. బయాలజీలో "మొక్కలు శ్వాసించేది పగలా, రాత్రా?" అని వేసి చూడండి. పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ అని పంచేస్తారు. రెండు పూటలా శ్వాసిస్తాయని సగం జట్లు రాయవు. అక్కడ పాఠం మళ్లీ చెప్పాలని మనకు తెలుస్తుంది.

బజర్, నెగెటివ్ మార్కులు పెడితే ఊపు వస్తుంది కదా?

వస్తుంది. నేనూ పెట్టాను. దాని వల్ల ఏం జరిగిందో చెబుతాను.

చాలా ఏళ్ల కిందటి మాట. ఆఖరి ప్రశ్న, రెండు జట్లు సమానంగా ఉన్నాయి, తప్పు చెబితే ఐదు పాయింట్లు కోత. మామూలుగా మాట్లాడని ఒక అమ్మాయి తొందరలో గంట కొట్టింది, జవాబు తప్పింది. గంట కొట్టాక జట్టును అడగకూడదని నియమం పెట్టింది నేనే. జట్టు ఓడిపోయింది. "నీ వల్లే" అని ఒక్క పిల్లాడు అన్నాడు, మిగతావాళ్లు ఏమీ అనలేదు, అది ఇంకా పెద్ద శిక్ష. మర్నాడు ఆ అమ్మాయి బడికి రాలేదు. కడుపునొప్పి అని వాళ్లమ్మ చెప్పింది. వచ్చాక కూడా ఆ ఏడాదంతా నా క్లాసులో ఒక్కసారీ తనంతట తాను చెయ్యి ఎత్తలేదు. ఆ తప్పు ఆ పిల్లాడిది కాదు, నేను పెట్టిన నియమానిది.

ఆ తర్వాత మూడు విషయాలు తీసేశాను: గంట, కోత, ఒంటరి జవాబు. నంబరు పిలిచినప్పుడు కూడా జట్టు మాట్లాడుకున్నాకే పిలుస్తాను. లేచిన పిల్లకు తడబాటు వస్తే ఒక్కసారి తల తిప్పి జట్టును అడిగే హక్కు ఉంటుంది. తప్పు జవాబుకు సున్నా, అంతకంటే కిందికి లేదు. తప్పైనా కారణం బాగా చెబితే ఒక పాయింటు. ఊపు ఏమీ తగ్గలేదు. పిల్లలకు పలక ఎత్తే క్షణమే చాలినంత టెన్షన్.

గోల ఎక్కువైతే? పక్క క్లాసు టీచర్ వస్తున్నారు, హెచ్‌ఎం గారు తొంగిచూస్తున్నారు.

ముందుగా పక్క క్లాసు వాళ్లకు చెప్పి పెట్టుకోండి, వీలైతే చెట్టు కిందికి వెళ్లండి. గదిలోనే అయితే చర్చ అంతా గుసగుసగా జరగాలని నియమం పెట్టి, కారణం కూడా చెప్పండి: గట్టిగా మాట్లాడితే మీ జవాబు పక్క జట్టు వినేస్తుంది. ఇది టీచర్ అరుపుల కంటే బాగా పనిచేస్తుంది. నేను చెయ్యి పైకెత్తితే చూసినవాళ్లు చూసినట్టు చేతులెత్తి ఆగాలి, చివరగా ఆగిన జట్టుకు ఆ ప్రశ్నలో పాయింటు ఉండదు. రెండు వారాల్లో అలవాటైపోతుంది. హెచ్‌ఎం గారిని ఒక ప్రశ్న అడగమని పిలవండి. లోపలికి వచ్చి ఒకసారి ఆ చర్చ విన్నాక ఆయనే మీ పక్షాన మాట్లాడతారు.

సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి? పదో తరగతికి ఇది కుదిరే పనేనా?

పదో తరగతికే ఎక్కువ కుదురుతుంది. రివిజన్ పేరుతో మనం చేయించేది ఏమిటి? అదే పాఠం మళ్లీ మళ్లీ చదివించడం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని చదివి మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే ఫలితం తిరగబడింది, గుర్తుచేసుకుని రాసినవాళ్లే ఎక్కువ నిలుపుకున్నారు. పబ్లిక్ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా. పుస్తకం మూసి గుర్తుచేసుకోవడమే క్విజ్. అందుకని నేను దాన్ని వేరే కార్యక్రమంగా చూడను, రివిజన్ పీరియడే అలా జరుగుతుంది.

కొత్త పాఠం మొదటిసారి చెప్పడానికి మాత్రం క్విజ్ పనికిరాదు. బుర్రలోకి ఏదైనా వెళ్లాకే కదా బయటికి తీయడం.

మా బడిలో పిల్లలకు ఫోన్లు లేవు. కహూట్ లాంటి ఆన్‌లైన్ క్విజ్ యాప్‌లు వాడలేమా?

వాడకపోయినా ఏ లోటూ లేదు, శుభలేఖల అట్టలతో మొత్తం జరుగుతుంది. టెక్నాలజీ కావాలనుకుంటే ప్లికర్స్ అనే యాప్ మన బడులకు బాగా సరిపోతుంది. పిల్లలకు అచ్చువేసిన కాగితం కార్డులు ఇస్తాం. కార్డును నాలుగు రకాలుగా తిప్పి పట్టుకోవచ్చు, ఒక్కో వైపు ఒక్కో జవాబు. టీచర్ తన ఫోను కెమెరాతో తరగతిని చూపిస్తే ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో తెలిసిపోతుంది. తరగతి మొత్తానికి ఒక్క ఫోను చాలు.

నార్వేలో పుట్టి 2013లో బయటికొచ్చిన కహూట్ సరదాగానే ఉంటుంది. కానీ మామూలుగా అందులో తొందరగా నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు. ఆలోచించే పిల్లలు దెబ్బతింటారు. కంప్యూటర్ ల్యాబ్ ఉంటే జట్టుకొక కంప్యూటర్ ఇచ్చి, సమయం పెంచి ఆడించండి. బెంగళూరులో 2015లో మొదలైన క్విజిజ్, ఇప్పుడు వేగ్రౌండ్ అని పేరు మారింది, అందులో ఎవరి వేగంలో వాళ్లు చేయచ్చు.

ఇంగ్లీషు మీడియం పిల్లలు. ప్రశ్న ఏ భాషలో అడగాలి?

రెండింట్లోనూ చదవండి. చర్చ ఏ భాషలో చేసుకున్నా అడ్డుపెట్టకండి, పిల్లలు ఆలోచించేది ఇంట్లో మాట్లాడే భాషలోనే. పలక మీద రాసే పదం మాత్రం పరీక్షలో రాయాల్సిన భాషలో ఉండాలి. ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్న మన పాఠ్యపుస్తకాలు ప్రశ్నలు తయారుచేసుకోవడానికి చాలా ఉపయోగం.

బహుమతులు ఇవ్వాలా? పాయింట్లను మార్కుల్లో కలపచ్చా?

చాక్లెట్లు ఒకసారి ఇస్తే ప్రతిసారీ అడుగుతారు, నేను ఇవ్వను. గెలిచిన జట్టుకు వచ్చేవారం రెండు ప్రశ్నలు తయారుచేసే అవకాశం ఇస్తాను. దాని కోసం వాళ్లు పాఠం ఎంత జాగ్రత్తగా చదువుతారో చూడాలి. మార్కుల రిజిస్టర్‌లోకి మాత్రం క్విజ్ పాయింట్లు తేవద్దు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులతో ముడిపెట్టిన మరుక్షణం తప్పు చెప్పడానికి భయం మొదలవుతుంది.

మాది ఒకే టీచర్ ఉన్న ప్రైమరీ బడి. అన్ని తరగతులూ ఒకే గదిలో. ఎలా?

ఐదో తరగతి పిల్ల ఒకరు, మూడో తరగతి ఒకరు, ఒకటో తరగతి ఒకరు కలిసి ఒక జట్టు. ప్రతి తరగతికీ వేరే ప్రశ్న. ఎక్కాలు, పొడుపు కథలు, ఒత్తుల పదాలు అన్నీ పనికొస్తాయి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు సాయం చేయచ్చు, జవాబు మాత్రం చిన్నవాళ్ల నోటితోనే రావాలి.

క్విజ్ అయిపోయాక ఇంకేమైనా చేయాలా?

చాలామంది వదిలేసేది ఇదే. బెల్ కొట్టగానే స్కోరు చదివి వెళ్లిపోతాం. గెలిచినవాళ్లు గుర్తుంటారు, తప్పుపోయిన ప్రశ్న గుర్తుండదు. ఆ ఆఖరి పది నిమిషాలు దానికే ఉంచుకోండి. ఎక్కువ జట్లు తప్పు రాసిన ప్రశ్న తీసుకుని, ఎందుకలా రాశారో వాళ్లనే చెప్పమనండి. అదే ప్రశ్నను మాటలు మార్చి వచ్చేవారం ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి అడగండి. నా దగ్గర దీనికో చిన్న నోట్‌బుక్ ఉంది, తప్పుపోయినవన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి.

ఏ జట్టూ చెప్పలేని ప్రశ్నకు నేను జవాబు చెప్పను. బోర్డు కుడి మూలలో ఒక గడి గీసి రాసి ఉంచుతాను, ఎవరూ తుడపకూడదు. గోదావరి ప్రశ్న అయిన రోజు అక్కడ రాసింది ఇది: "పల్లం తూర్పుకే ఉంటే మరి నర్మద, తపతి పడమటికి ఎందుకు పారుతున్నాయి?" తొమ్మిది రోజులు ఉంది. పదో రోజు ప్రేయర్‌కి ముందు ఆ కిటికీ పక్క జట్టు నలుగురూ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డారు. నా టేబుల్ మీద రెండు లావుపాటి పుస్తకాలు పక్కపక్కన పెట్టి, మధ్యలో సందు వదిలారు. "టీచర్, ఇది వింధ్య, ఇది సాత్పురా. నర్మద ఈ సందులో పడిపోయింది, ఇంక తూర్పుకు ఎలా వస్తుంది?" అన్నాడు అట్ట ఎత్తిన పిల్లాడు. తపతిది సాత్పురాకు ఇవతలి సందట. దాన్ని పగులు లోయ అంటారని ఆ మూల గడిలో, వాళ్ల చేతే రాయించాను.